మిరపకోతలు - పదవ తరగతి

కర్నూలు జిల్లా పశ్చిమమున కోసిగి, మంత్రాలయము ప్రాంతముల యున్నత పాఠశాలలలో ఋతువు మారినదని తెలుపునది పంచాంగము గాదు, హాజరుపట్టీ. ముంగారి పంట ముగిసినంతనే కూలి దొరకక కుటుంబములు గుంటూరు మిరపచేలకు తరలును. తలుపునకు తాళమువేసి తల్లిదండ్రులు లారీ యెక్కగా పదవ తరగతి బాలిక యెవరి యొద్ద నుండును? తమ్ముని చంకనెత్తుకొని యామెయు పోవును. కోతలు మార్చి వరకు సాగును, పరీక్షలును మార్చిలోనే! 2009 నాటి విద్యాహక్కు చట్టము 14 ఏండ్ల వరకే గాన, 15వ యేట నున్న యామెకు దాని యండయు లేదు. వలసపోవువారి బిడ్డలకు తాత్కాలిక వసతిగృహముల పథకమొకటి కలదు, మంచిదే. కాని లారీలు కదలిన పిదప తెరచిన గృహము చేతులు కాలిన పిమ్మట పట్టిన యాకే. దీపావళికి ముందే వానిని తెరువవలెననియు, తొమ్మిది, పది తరగతుల వారికి నందు చోటుండవలెననియు మేము ప్రభుత్వమును కోరుచున్నాము.