గరిటెలు మాయమైన కథ

నాలుగేళ్ల కిందట మా వంటింట్లో రెండు చెక్క గరిటెలు కనిపించకుండా పోయాయి. పనమ్మాయిని అడగడానికి నోరు రాలేదు. అత్తగారిని అడిగితే "నీ మతిమరుపు నాకు అంటగట్టకు" అన్నారు. పండక్కి ఇల్లు దులుపుతుంటే మా అబ్బాయి మంచం కింద దొరికాయి. కొసలు చిట్లిపోయి, నమిలి పారేసిన వేపపుల్లల్లా ఉన్నాయి. పక్కనే నా బియ్యం డబ్బా మూత, నిండా సొట్టలు.

"ఇదేమిట్రా?" అంటే "డ్రమ్స్ ప్రాక్టీసు చేస్తున్నానమ్మా" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

మొన్న ఎండాకాలంలో ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. వాడిప్పుడు ఇంజనీరింగు మూడో ఏడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్ డ్రమ్ సెట్టు కొని, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి హాల్లో దించాడు. మేముండేది హఫీజ్‌పేట స్టేషన్ దగ్గర, అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. ఎమ్‌ఎమ్‌టీఎస్ రైళ్ల చప్పుడు మా అందరికీ అలవాటే. పిల్లలు ఆ మోతలోనే నిద్రపోతారు. కానీ ఈ మోత వేరు. పది నిమిషాలు కాలేదు, కింది ఫ్లాట్ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. మూడు నెలల బిడ్డ తల్లి. గొడవేం పెట్టుకోలేదు. "ఆంటీ, పాప ఇప్పుడే పడుకుందండీ" అంది, అంతే. నిద్రలేక ఆ పిల్ల కళ్లు గుంటలు పడి ఉన్నాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రాత్రి మా వారు "చదువు పూర్తయ్యేదాకా ఆ డబ్బాలు అమ్మెయ్యమను" అన్నారు. వీడేమో "అమ్మితే నేను హాస్టల్‌కి పోతా" అన్నాడు. ఇద్దరి మధ్యా నేను, అడకత్తెరలో పోకచెక్కలాగ. పైగా ఉద్యోగం వచ్చినా రాకపోయినా బ్యాండులోనే ఉంటానని స్నేహితులకు మాటిచ్చాడట!

అవునూ కాదూ అనేముందు అసలు ఆ విద్య ఏమిటో తెలుసుకుందామనిపించింది. వాడినే కూర్చోబెట్టి అడిగాను. తెలుసుకుంటే ఆశ్చర్యమేసింది సుమండీ. కుడికాలు పెడల్ తొక్కితే పెద్ద బేస్ డ్రమ్ మోగుతుంది. ఎడమకాలు హై-హ్యాట్ అనే జంట తాళాలను మూసి తెరుస్తుంది. కుడిచెయ్యి ఆ తాళాల మీదో, పక్కనున్న పళ్లెం మీదో నడక నడుపుతుంది. ఎడమచెయ్యి ముందున్న స్నేర్ మీద దెబ్బ వేస్తుంది. నాలుగు అవయవాలు నాలుగు పనులు చెయ్యాలి. ఒకటి గాడి తప్పితే పాటంతా పోతుంది. ఒక పొయ్యి మీద పాలు, ఒక పొయ్యి మీద పోపు, చేతిలో పిండి, చెవి కుక్కర్ విజిల్ మీద పెట్టుకునే మనకు ఈ సంగతి వేరే చెప్పాలా?

వాళ్ల సరళీ స్వరాల్లాంటి పాఠం ఒకటుంది, పారడిడిల్ అంటారు. కుడి, ఎడమ, కుడి, కుడి. ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. భోజనాల బల్ల మీద రెండు చెంచాలతో మీరూ కొట్టి చూడండి. నెమ్మదిగా అయితే వస్తుంది. కాస్త వేగం పెంచగానే చేతులు పోట్లాడుకుంటాయి. మెట్రోనోమ్ అనే టిక్‌టిక్ యంత్రం పెట్టుకుని, నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, రోజులూ వారాలూ ఇదే కొడుతూ వేగం పెంచుతారట. మా వాడు ఒక పనిని అంత ఓపిగ్గా చేస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక బతుకుతెరువు మాట. డ్రమ్స్ వాయించి పైకొచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అంటే మనందరికీ వెంటనే గుర్తొచ్చేది శివమణి. 1959లో మద్రాసులో పుట్టారు. తండ్రి ఎస్.ఎం. ఆనందన్ కూడా సినిమా పాటలకు వాయించిన వాద్యకారుడే. అంటే మన మద్దెల ఇళ్లల్లో లాగే ఇంటి విద్య. చిన్నప్పుడే కర్రలు పట్టుకున్నారు. మన బాలసుబ్రహ్మణ్యంగారు తనకు గాడ్‌ఫాదర్ అని శివమణి ఎన్నోసార్లు చెప్పుకున్నారు. 2020 సెప్టెంబరులో బాలుగారు పోయినప్పుడు మనమంతా ఒక గొంతు పోయిందనుకున్నాం. వేదికల మీద ఆ గొంతు వెనక వాయించిన ఇలాంటివాళ్లకు చెయ్యిచ్చిన పెద్దదిక్కు కూడా పోయింది.

ఏ.ఆర్. రెహమాన్ ఇంకా కుర్రాడిగా కీబోర్డు వాయించే రోజుల్లో రూట్స్ అని ఒక బ్యాండు ఉండేది. అందులో రెహమాన్‌తోబాటు ఉన్న చిన్ననాటి స్నేహితుడు ఈ శివమణే. అప్పట్లో ఆ కుర్రాళ్ల తల్లులు కూడా నాలాగే తలలు పట్టుకున్నారేమో ఎవరికి తెలుసు! 1990లో బొంబాయి రంగ్‌భవన్‌లో జాకీర్ హుస్సేన్, త్రిలోక్ గుర్తూలతో కలిసి ఒకే వేదిక మీద వాయించారు శివమణి. 1992లో 'రోజా' సినిమాతో రెహమాన్ పేరు దేశమంతా తెలిసింది. శివమణికి పద్మశ్రీ వచ్చింది మాత్రం 2019లో. వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను, అప్పటికి ఆయనకు దాదాపు 60 ఏళ్లు. చిన్నప్పుడు పట్టిన కర్రలు అన్నేళ్లు దించలేదన్నమాట.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ఆయన డ్రమ్ సెట్టుతో ఆగరు. ఘటం, కంజీర, ఉడుక్కు, అరబ్బుల దర్బుకా, ఆఖరికి నీళ్ల క్యాను, సూట్‌కేసు కూడా వాయిస్తారు. ఈ సంగతి విన్నాక నా బియ్యం డబ్బా మూత మీద నాకున్న కోపం సగం తగ్గింది.

అయితే పద్మశ్రీ ఒక్కటే చూసి మురిసిపోతే ఎలా? ఈ పనిలో ఒంటికయ్యే ఖర్చు కూడా చూడాలి కదా. ఒకరోజు కాలేజీ ఫెస్టులో వాయించి వచ్చి, పడుకునేముందు "అమ్మా, చెవుల్లో కుయ్‌మంటోంది" అన్నాడు. పొద్దున్నకు తగ్గింది. నేను మాత్రం రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. పరీక్ష చేసి, ఈసారికి ఏం కాలేదన్నారు. ఇలా కుయ్‌మనడం చెవి పెట్టే మొర అనీ, వినకుండా మళ్లీ మళ్లీ చేస్తే పోయిన వినికిడి మందులతో తిరిగి రాదనీ చెప్పారు.

ఆ లెక్క మనమంతా తెలుసుకోవాల్సిందే. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలదాకా ఉండొచ్చట. ఆ పైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా సమయం సగానికి సగం తగ్గించుకోవాలి. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే! నాలుగు గోడల మధ్య గట్టిగా వాయించే డ్రమ్ములు ఆ వంద దాకా సులువుగా వెళ్తాయి. దూది పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను, కానీ దూది దాదాపు దండగేనట. సంగీతకారుల కోసమే చేసిన చెవి ప్లగ్గులు దొరుకుతున్నాయి. పాట స్పష్టంగా వినిపిస్తూనే మోత తగ్గుతుంది. "అవి లేకుండా కర్ర ముట్టుకోవద్దు" అని ఒట్టు వేయించుకున్నాను. డీజే పెళ్లిళ్లలో పసిపిల్లల్ని ఎత్తుకుని స్పీకర్ల పక్కన నిలబడే తల్లులూ, ఈ లెక్క మీకు కూడా!

చెవులే కాదు, చేతులూ నడుమూ కూడా. ఫిల్ కాలిన్స్ అని ఇంగ్లండులో మహా పేరున్న డ్రమ్మరు. వెన్ను, నరాల జబ్బుతో చేతుల్లో పట్టు పోయి, ఆఖరికి కర్ర పట్టుకోలేని స్థితికి వచ్చారు. వాళ్ల జెనెసిస్ బ్యాండు 2022 మార్చిలో లండన్‌లో చివరి కచేరీ చేసినప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని పాడారు. వెనక డ్రమ్స్ దగ్గర ఉన్నది ఆయన కొడుకు నిక్. ఆ ముచ్చట చదివినప్పుడు కళ్లు చెమర్చాయి.

ఇంకొకరు రిక్ అలెన్. డెఫ్ లెపర్డ్ అనే రాక్ బ్యాండులో డ్రమ్మరు. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పూర్తిగా పోయింది. అప్పటికి వయసు 21. మరొకరిని పెట్టుకుని బ్యాండు ముందుకు సాగిపోవచ్చు. కానీ ఆ కుర్రాళ్లు ఆయన కోసం ఆగారు. ఎడమచెయ్యి చేయాల్సిన పని ఎడమకాలితో చేసేలా పెడల్స్ పెట్టి ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తయారు చేయించుకుని, మళ్లీ మొదటినుంచీ నేర్చుకుని, 1986లో పెద్ద వేదిక ఎక్కారు. మా వాడు స్నేహితులకు మాటిచ్చానంటే విసుక్కున్నానే, అలాంటి మాట విలువేమిటో ఇక్కడ అర్థమైంది.

ఇవన్నీ మా వారికి భోజనాల దగ్గర ఒక్కొక్కటిగా వడ్డించాను. ఆయన వెంటనే కరగలేదు. "అందరూ శివమణులవుతారా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. సినిమా పాటల్లో ఇప్పుడు సగం దరువు కంప్యూటరే వేస్తోంది. బ్యాండులో వచ్చే డబ్బు నలుగురు పంచుకోవాలి. అద్దె కట్టడానికి పాఠాలు చెప్పుకునే డ్రమ్మర్లు కూడా ఉంటారు. అది మా వాడికి దాచకుండా చెప్పాం. వాడూ కోప్పడకుండా విన్నాడు.

చివరికి ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది, అసలు డ్రమ్ సెట్టు ఇంట్లో వద్దు. బ్యాండు పిల్లలంతా తలా ఇంత వేసుకుని, ప్రాక్టీసుకని గంటల లెక్కన అద్దెకిచ్చే గదిలో పెట్టారు. ఇంట్లో రోజూ సాధనకు రబ్బరు ప్యాడ్ చాలు. చప్పుడు పక్క గదికి కూడా పోదు, మణికట్టుకు పని మాత్రం అంతే.

రెండోది, కాలితో తొక్కే పెడల్ సంగతి. ప్యాడ్ మీద తొక్కినా ఆ అదురు స్లాబులోంచి కిందికి దిగుతుంది. దీనికో ఉపాయముంది. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పాత టెన్నిస్ బంతులు వరుసగా అమర్చి, దాని మీద పెడల్ పెట్టాలి. బంతులు జారకుండా కింది చెక్కకు గుంటలు చేయించాలి. మా వీధి వడ్రంగి ఒక్క పూటలో చేసిచ్చాడు. కింది ఫ్లాట్ అమ్మాయిని పిలిచి, వాళ్లింట్లో నిలబెట్టి, ఇక్కడ వాయించి చూపించాకే ఖాయం చేశాం.

మూడోది, వేళలు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు. చట్టం పది అన్నా, మా ఇంట్లో ఎనిమిదికే ఆపాలన్నాను. పసిబిడ్డ నిద్ర ముందు చట్టం ఎంత?

నాలుగోది మా వారి షరతు. ఒక్క సబ్జెక్టు మిగిలినా ఆ ఆరునెలలూ వేదిక ఎక్కకూడదు. డిగ్రీ చేతికొచ్చాక రెండేళ్లు వాడివి. ఉద్యోగం చేస్తూ వాయిస్తాడో, వాయిస్తూ ఉద్యోగం వెతుక్కుంటాడో వాడిష్టం, మేము అడ్డు చెప్పకూడదు. ఆ మాట మా వారే అన్నారంటే నమ్మండి.

మొన్న మాదాపూర్‌లో వాళ్ల బ్యాండు కార్యక్రమానికి వెళ్లాం. అందరి చూపూ ముందు నిలబడి పాడే అబ్బాయి మీదే. మా వాడు వెనక, తాళాల చాటున సగమే కనిపిస్తున్నాడు. మధ్యలో పాడే అబ్బాయి ఒక చరణం మరిచిపోయి తడబడ్డాడు. మా వాడు ఆగలేదు, తొందరపడలేదు, ఆ నడక అలాగే పట్టుకుని ఉన్నాడు. నాలుగు దెబ్బల తర్వాత ఆ అబ్బాయి పాటలోకి వచ్చేశాడు. ఎవరూ గమనించనే లేదు. మా వారు మాత్రం నా వైపు తిరిగి "నిలబెట్టాడే" అన్నారు మెల్లిగా.

ఆ రాత్రి తన వంతు వచ్చిన డబ్బుల్లోంచి కొని తెచ్చి వంటింటి గట్టు మీద ఒక పొట్లం పెట్టాడు. విప్పి చూస్తే రెండు కొత్త చెక్క గరిటెలు. ఒకటి వాడకానికి తీశాను. రెండోది బీరువాలో చీరల మధ్య దాచాను. వాడి మీద నమ్మకం లేక కాదండోయ్!