ఐస్‌లాండ్ సరే, మారేడుపల్లి ఎంత దూరం?

2025 మానవాభివృద్ధి నివేదికలో ఐస్‌లాండ్‌ది మొదటి స్థానం, మనది 130. అక్కడ సగటు ఆయుర్దాయం 82.7 ఏళ్లు, ఇక్కడ 72. టీవీ చర్చలు ఇక్కడితో ఆగిపోతాయి.

ఈ 72 ఎవరిదని మేం అడుగుతున్నాం. తెల్లారకముందే సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డు ఊడ్చే కార్మికురాలినీ, మారేడుపల్లి బంగళాలో నిద్రపోయే ఆమెనూ కలిపి తీసిన సగటు అది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో ఆ ముడి విప్పింది. దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్లు, అగ్రకుల స్త్రీలది 54.1. తేడా 14.6 ఏళ్లు. అవి పాత లెక్కలే. పైగా ఆయుర్దాయం, చనిపోయే సగటు వయసు ఒకటి కావు, కాబట్టి ఐస్‌లాండ్ అంకెల పక్కన వీటిని పెట్టి తీసివేత చేయలేం. అయినా ఒక్క విషయం దాటలేనిది: నీళ్లు, మరుగుదొడ్డి ఇద్దరికీ సమానమనుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు. అంటే మిగిలినదానికి కారణం పేదరికం ఒక్కటే కాదు.

తెలంగాణ కుల సర్వే ఎస్సీలు 17.43 శాతమని తేల్చింది. తలల లెక్క వచ్చింది. ఇక ఏ కులంవాళ్లు ఏ వయసులో, ఏ జబ్బుతో పోతున్నారో ఏటా ప్రకటించమని ప్రభుత్వాన్ని అడగాలి.