త్రాగుడు వ్యాధికి సర్కారు వైద్యము



వాయిదా మీరిన బాకీలకు కారణములు విచారించునపుడు వర్షాభావము, ధరల పతనము అని వ్రాసికొందుము. వేఱొక కారణము లెక్కపుస్తకములకెక్కదు గాని ఊరిలో అందఱెఱిగినదే. విత్తనములకని తీసికొన్న పైకము త్రాగుడుపాలగుట.

దీనికి మన ప్రభుత్వములు మొదటినుండియు త్రొక్కిన మార్గము దుకాణములను మూయించుట. 1937 అక్టోబరు 1వ తేదీన రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమారంభించి పిదప చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. తగ్గిన ఆబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చెను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవనెత్తిన ఉద్యమ ఫలముగా 1993లో సారాయు, 1995లో సర్వమద్యములును నిషేధింపబడెను. 1997లో ఖజానా లోటు చూపి ఆ నిషేధమును సడలించిరి.

ఆ తల్లుల సాహసము నమస్కరింపదగినది. అయినను దుకాణము మూయుట వేఱు, రోగిని బాగుచేయుట వేఱు. 2015లో తెలంగాణమున అధికారులు కల్తీకల్లును అరికట్టినపుడు నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో జరిగినదేమి? ఆ కల్లులో ఆల్ప్రజోలము వంటి మత్తుమందులు కలిపెడివారు. ఏండ్లతరబడి దానికలవాటుపడినవారు, అది హఠాత్తుగా దొరకకపోగా, వణకుచు, మతి చలించి ఆసుపత్రులపాలైరి. కొందఱు మరణించిరి. తప్పు అరికట్టుటలో లేదు. వైద్యమును ముందుగా సిద్ధపఱుపకపోవుటలో నున్నది.

త్రాగుబోతును మనము సిగ్గుమాలినవాడందుము. వైద్యులు రోగియందురు. ముదిరిన అలవాటును వైద్యసహాయము లేక ఒక్కసారిగా మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము సయితము కలుగవచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పరిశీలన ప్రకారము దేశమున మద్యముచే కీడునొందుచు సహాయము కావలసినవారు 5.7 కోట్లకు పైగా నున్నారు. మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కనికే ఏదో యొక చికిత్స లభించినదట!

సర్కారు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ద్రవ్యసహాయముతో స్వచ్ఛంద సంస్థలు పునరావాస కేంద్రములను నడపుచున్నవి. 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నషాముక్త భారత్ అభియాన్ ఆరంభమైనది. ప్రచారము మంచిదే, కాని ఊరేగింపు చూచినంతమాత్రమున వణకుచేయి కుదుటపడదు. పట్టణమునకు పోయి దినములతరబడి కూలి మానుకొని చికిత్స పొందగల పేదరైతు ఎక్కడ?

కావున మద్యముపై వచ్చు రాబడిలో నిర్ణీతభాగమును చికిత్సకే ప్రత్యేకింపవలెననియు, మనకు సమీపముననున్న ప్రభుత్వాసుపత్రిలో కొన్ని పడకలు, శిక్షణ పొందిన వైద్యుడు, ఉచిత ఔషధములు ఉండవలెననియు రానున్న సర్వసభ్య సమావేశమున తీర్మానించి రాష్ట్రప్రభుత్వమునకు పంపుదము. ఈలోపుగా సలహా కోరువారికై కేంద్రప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446ను సంఘ కార్యాలయపు గోడపై, ఎరువుల ధరల పట్టిక ప్రక్కనే, పెద్ద అక్షరములతో వ్రాయింపవలెనని పాలకవర్గమును కోరుచున్నాను.