డాలరు పెరిగింది, మన తక్‌పట్టీలో కనపడదేం?

మొన్న డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటినప్పుడు యార్డులో ఒకటే మాట, ఎగుమతులు పెరుగుతాయి, పసుపు ధర లేస్తుంది అని. మేమూ కొంత నమ్మినం. గల్ఫ్‌లో కొడుకులున్న ఇండ్లు మన భీమ్‌గల్‌లో తక్కువేం కాదు. రూపాయి పడితే దుబాయ్ నుంచి వచ్చే పైసలు పెరుగుతాయని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పసుపుకూ అదే లెక్క అనుకున్నం.

కానీ 2011ను గుర్తు చేసుకోండి. ఆ ఏడాది నడుమ 45 రూపాయల దగ్గరున్న డాలరు డిసెంబరు నాటికి 53కు పోయింది. అంతకు ముందు సీజన్‌లో క్వింటాలు 15 వేలు దాటిన పసుపేమో 2012లో నాలుగైదు వేలకు కూలింది. ధర చూసి అందరం పసుపే పెట్టినం, పంట మీద పంట వచ్చి పడింది. డాలరు అడ్డం పడలేదు.

ఎందుకంటే, 2022-23లో దేశంలో 11.61 లక్షల టన్నులు పండితే బయటికి పోయింది 1.53 లక్షల టన్నులే. అందులోనూ పెద్ద గిరాకీ బంగ్లాదేశ్‌ది. 2022లో మన రూపాయి డాలరుకు 74 నుంచి 82కు దిగితే వాళ్ల టాకా 86 నుంచి వంద దాటింది. మనకంటే వాళ్ల పైసే ఎక్కువ పడింది, ఇక మన పసుపు వాళ్లకు అగ్గువ ఎట్లయితది? అమెరికా కొనుగోలుదారుడైతే రూపాయి పడిందని మనకంటే ముందే తెలుసుకుని రేటు తగ్గించమంటాడు. మిగిలింది ఎగుమతిదారు దగ్గర ఆగుతుంది.

ఖర్చు మాత్రం ఎక్కడా ఆగదు, నేరుగా మన ఇంటికే వస్తుంది. పసుపుకు పొటాష్ లేకుంటే కొమ్ము ఊరదు. ఆ పొటాష్ అంతా బయటి దేశాలదే, డాలర్లకు కొనేదే. 2020లో తొమ్మిది వందల దగ్గరున్న బస్తా 2022లో 1,700 అయింది. యుద్ధం అన్నారు, నిజమే. రూపాయి పడిన భారం కూడా ఆ బస్తా మీదనే పడ్డది.

2019లో 178 మంది రైతులం ఎంపీ ఎన్నికల్లో నిలబడి అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. ఏ దేశానికి ఎంత పసుపు పోయింది, కిలోకు రూపాయల్లో ఎంత పడింది, వారం వారం యార్డు గేటు దగ్గర రాసి పెట్టమని బోర్డును అడుగుదాం. వేలం పాటలో కూర్చునే ఖరీదుదారుకు ఆ లెక్క తెలుసు. మనకే తెలియదు. వచ్చే మండల సమావేశానికి ఈ సీజన్ తక్‌పట్టీలు, పొటాష్ బిల్లులు పట్టుకుని రండి, రెండూ కలిపి బోర్డు ఆఫీసులో ఇచ్చి వద్దాం.