సంఘపు మందుల దుకాణము – చీటి లేని మాత్ర

మన సహకార సంఘములు విత్తనములను, ఎరువులను, పురుగుమందులను సభ్యులకు సరసమైన ధరకు సమకూర్చుచుండుట అందఱెఱిగినదే. 2023వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు దేశమందలి 2,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములు జన ఔషధి కేంద్రములను నెలకొల్పుకొనవచ్చునని నిర్ణయించిరి. దానితో ఎరువు బస్తాల ప్రక్కకు మనుష్యులు మ్రింగు మందులు కూడ వచ్చుటకు దారి యేర్పడినది. ఇది సంతోషింపదగిన మార్పే. అయినను ఎరువు నమ్ముటకును మందు నమ్ముటకును గల భేదమును పాలకవర్గములును సభ్యులును మొదటినుండియే గుర్తింపనిచో, మేలుకొఱకు తెఱచిన తలుపు కీడునకు త్రోవ కాగలదు. అందుచే ఈ మాసమున డాక్సీసైక్లిన్ అను ఒక్క మందును ఉదాహరణముగా గైకొని, వైద్యుని చీటి లేనిదే దానిని సంఘము ఎవ్వరికిని ఈయరాదనియు, ఏ సభ్యుడును అడుగరాదనియు మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

ఈ మందునే ఏల యెన్నుకొంటిమనిన, ఇది రైతునకు మిక్కిలి దగ్గఱి మందు. దమ్ము చేసిన మడిలో గంటల తరబడి కాళ్లు నానుచు నాట్లు వేయువారికి, కలుపు తీయువారికి, ఎలుకల మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను ఎలుక జ్వరము రావచ్చును. కాలి పగుళ్లును గాట్లును ఆ సూక్ష్మజీవికి వాకిళ్లు. గట్లమీది పొదలలోను గడ్డిలోను మెలగువారిని నల్లివంటి మిక్కిలి చిన్న పురుగు కుట్టుటచే స్క్రబ్ టైఫస్ అను వేఱొక జ్వరము కలుగును. కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చు కొందఱికి కాన్పించును; అది చంకలోనో గజ్జలోనో యుండి రోగికి కంటబడకపోవుటయు కలదు. ఈ రెండు జ్వరములకును డాక్సీసైక్లిన్ మంచి మందు. స్క్రబ్ టైఫసులో ఇది వేళకు పడినచో రెండు మూడు దినములలో జ్వరము దిగుట తఱచు. ఆలస్యమైనచో ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు చెడి ప్రాణముమీదికి వచ్చును. కావున మేము ఈ మందును నిందించుటకు వ్రాయుట లేదు. దానిని కాపాడుకొనుటకు వ్రాయుచున్నాము.

ఈ మందు వంశము పుట్టినదియు పొలములోనే. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు ప్రయోగ క్షేత్రమునుండి తెచ్చిన మట్టిలో బంగారు వన్నెగల ఒక సూక్ష్మజీవిని బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు 1945లో కనుగొనగా, దానినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ పని జరిగిన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా నుండినవారు 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఆరియోమైసిన్ పెద్దబిడ్డ. 1967లో వాడుకకు వచ్చిన డాక్సీసైక్లిన్ దాని చిన్న చెల్లెలు. తెలుగువాని పర్యవేక్షణమున వెలసిన వంశపు మందు తెలుగు రైతు చేతిలోనే మొక్కవోవుట మనకు తగునా?

ఇప్పుడు జరుగుచున్న దేమి? నాట్ల కాలమున ఒక రైతునకు జ్వరము తగిలినదనుకొందము. పని చెడునను తొందరలో అతడు దుకాణమునకు పోయి జ్వరమునకు మాత్ర లిమ్మని యడుగును. అమ్మువాడు నాలుగు రకముల మాత్రలను పొట్లము కట్టి యిచ్చును, అందొకటి డాక్సీసైక్లిన్. ఆ జ్వరము జలుబువలన వచ్చినదైనను, డెంగీయైనను, చికున్‌గున్యాయైనను ఈ మందు దానిని తాకనైన తాకదు. ఏలయన నవి వైరసు రోగములు. మలేరియాయైనచో రక్తపరీక్ష చేసి దానికి తగిన మందు లీయవలయును. నిజముగా స్క్రబ్ టైఫసే యైనచో, రెండు పూటల మాత్రలకు జ్వరము కొంత తగ్గగానే నయమైనదని మందు మానుటచే అది మరల తిరుగబెట్టవచ్చును. రోగము ముదిరియున్నచో మాత్ర చాలక ఆసుపత్రిలో సూదిమందే కావలసి యుండవచ్చును. ఎట్లు చూచినను నష్టమైనది కాలము. తప్పిన అదను పైరునకే తిరిగి రానప్పుడు ప్రాణమునకు వచ్చునా?

వైద్యుడే వ్రాసి యిచ్చినప్పుడు కూడ ఈ మందునకు కొన్ని పట్టింపులు గలవు. మొదటిది ఎండ. ఈ మాత్రలు వాడు కొందఱి చర్మము ఎండకు ఓర్వజాలదు. మామూలు ఎండకే మొగము, మెడ, చేతులు కాలినట్లు ఎఱ్ఱబడి మంట పుట్టును. నీడపట్టున పనిచేయువారికి ఇది చిన్నమాట; రైతునకు పెద్దమాట. మాత్రలు వాడు దినములందును, మానిన పిదప కొన్ని దినములును మిట్టమధ్యాహ్నపు టెండలో పని మానుకొనుట మంచిది. తప్పనిచో పొడుగు చేతుల చొక్కాయు, తలపాగయు, మెడమీద తువ్వాలును ఉండవలయును.

రెండవది నీరు. మాత్ర అన్ననాళములో అంటుకొని అక్కడనే కరగినచో పుండుపడి, మ్రింగినప్పుడెల్ల రొమ్ములో మంటయు నొప్పియు కలుగును. రాత్రి గ్రుక్కెడు నీటితో మాత్ర మ్రింగి వెంటనే మంచముపై వాలుట మనలో పెక్కుమంది యలవాటు. అది కూడదు. కూర్చుండియో నిలుచుండియో నిండు గ్లాసెడు మంచినీటితో మ్రింగి, అరగంటయైన పండుకొనకుండవలయును. పరగడుపున కడుపులో త్రిప్పినచో అన్నము తినిన పిదప తీసికొనవచ్చును.

మూడవది పొత్తు కుదరని వస్తువులు. రక్తహీనతకు వాడు ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు, జింకు మాత్రలు, కడుపుమంటకు త్రాగు మందులు దీనితో గలిసినచో మందు ఒంటికి పట్టదు. పాలును కొంతవఱకు దాని పట్టును తగ్గించును. కావున వీనికిని మాత్రకును రెండు మూడు గంటల యెడముండవలయును. మన ఆడవారిలో ఇనుము మాత్రలు వాడువారు పలువురు గలరు. వారు ఆ సంగతి వైద్యునితో మఱువక చెప్పవలయును. మూర్ఛకు మందులు వాడువారును, రక్తము గడ్డకట్టకుండుటకు మందులు వాడువారును, నిత్యము కల్లు సారాయములు త్రాగువారును అట్లే దాచక చెప్పవలయును.

నాలుగవది మిగులు. వైద్యుడు చెప్పినన్ని దినములు చెప్పినట్లే వాడవలయును. ఒక పూట మఱచినచో మఱుపూట రెండు మాత్రలు కలిపి మ్రింగరాదు. ఒకరి మాత్రలు వేఱొకరికి ఈయరాదు. దూలముపైనో గూటిలోనో దాచిన పాత మాత్రలను మరుసటి యేడు తీసి వాడరాదు. గడువు దాటి చెడిన టెట్రాసైక్లిన్ మూత్రపిండములకు హాని చేసిన సంగతి వైద్య గ్రంథములయందు గలదు.

గర్భిణులును పాలిచ్చు తల్లులును ఆ మాట మొదటనే వైద్యునికి తెలుపవలయును. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు, పెరుగుచున్న దంతములు శాశ్వతముగా రంగు మారునను శంకచే దీనిని మామూలు జబ్బులకు ఈయరు. స్క్రబ్ టైఫస్ వంటి ప్రమాదకరమైన జ్వరములో మాత్రము వైద్యుడు మంచిచెడులు తూచి కొద్ది దినములు ఈయవచ్చును. ఆ తూకము వైద్యునిది; మనది కాదు, అమ్మువానిదియు కాదు. కడుపులో త్రిప్పుట, ఒకటి రెండు వాంతులు, కొద్దిపాటి విరేచనములు కలుగుట తఱచు. కాని ఒంటిపై దద్దురులు లేచినను, పెదవులు నాలుక వాచినను, ఊపిరి యాడకున్నను, చర్మము బొబ్బలెక్కినను, రక్తముతో విరేచనములైనను, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినను మందు నిలిపి తక్షణము ఆసుపత్రికి పోవలయును.

ఇక ఒక్కరితో పోని నష్టము మఱియొకటి గలదు. 1980వ దశాబ్దపు చివర గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగకపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కొట్టిన మందే మరల మరల కొట్టగా చావక మిగిలిన పురుగే పెంపొంది చేలెల్ల నిండినది. మనుష్యుల రోగములందును జరుగుచున్నది ఇదియే. తక్కువ మోతాదున పెన్సిలిన్ వాడినచో సూక్ష్మజీవులు మొండికెత్తునని, దానిని కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగుగారే 1945లో నోబెల్ బహుమానము నందుకొనుచు హెచ్చరించిరి. 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేల మంది మరణములకు మందులకు లొంగని సూక్ష్మజీవులే నేరుగా కారణమని పరిశోధకులు లెక్కగట్టిరి. వరిలో ఎండాకు తెగులునకును, నిమ్మలో గజ్జి తెగులునకును మనము పిచికారి చేయుచు వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో పదవ వంతు టెట్రాసైక్లినే. ఈ భయముచేతనే వ్యవసాయములో ఆ మందు వాడుకను నిషేధింపదలచి కేంద్ర ప్రభుత్వమువారు 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తరువును ప్రకటించిరి. చేనిలోను ఇంటిలోను ఒకే వంశపు మందును విచ్చలవిడిగా వాడినచో అది రెండుచోట్లను చెడును.

సభ్యులు కొందఱు మాకు ఎదురు చెప్పవచ్చును. వైద్యుడు దూరమున నున్నాడు, పోయినచో ఒకనాటి కూలి పోవును, ఫీజు అదనము అని యందురు. ఈ మాటలో నిజము గలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. కాని ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్షయు మందును ఉచితము. ఇ-సంజీవని యను ప్రభుత్వ యేర్పాటున దూరమునుండియే వైద్యుని సలహా ఫీజు లేకయే పొందవచ్చును. ఒకనాటి కూలికి వెఱచి పదునైదు దినములు ఆసుపత్రి పాలగుట ఏ లెక్క ప్రకారము లాభము? మఱికొందఱు, కేరళలో 2018 వరదలప్పుడు ఈ మాత్రలను జనులకు పంచిరి గదా, మేము కొనుకొన్న తప్పేమి యని యడుగవచ్చును. అక్కడ పంచినది ఆరోగ్యశాఖవారు. ఎలుక జ్వరము రాకుండ, వరదనీటిలో మెలగినవారికి, వారమున కెంత యను కొలతతో పంచిరి. ఎవరికి తోచినట్లు వారు కొనుకొనుటకు అది సాక్ష్యము కాజాలదు.

చట్టమును మా పక్షముననే యున్నది. 1945 నాటి ఔషధ నియమావళిలోని హెచ్ షెడ్యూలు ప్రకారము డాక్సీసైక్లిన్‌ను అర్హుడైన వైద్యుని చీటిపైననే అమ్మవలయును. మాత్రల అట్టపై ఎఱ్ఱని నిలువు గీత యున్నచో అది చీటి లేనిదే వాడరాని మందను గుర్తు. చదువురానివారు కూడ ఆ గీతను పోల్చుకొనవచ్చును.

కావున మందుల దుకాణము పెట్టిన, పెట్టదలచిన సంఘముల పాలకవర్గములకు మా సూచన యిది. చీటి లేనిదే ఎఱ్ఱగీత మందులు ఈయబడవని గుమ్మముకడ పెద్ద యక్షరములతో పలక కట్టవలయును. చీటిపై ఇచ్చినప్పుడు ఎండ, నీరు, ఇనుము మాత్రల యెడము, చెప్పినన్ని దినములు అను నాలుగు మాటలను ఫార్మసిస్టు నోట చెప్పవలయును. అధ్యక్షుని బంధువైనను, పెద్ద కమతగాడైనను ఈ నియమమునకు సడలింపు కూడదు. అమ్మకము తగ్గిన దని ఫార్మసిస్టును మందలింపరాదు. సంఘము లాభమునకై పుట్టినది కాదు. సభ్యుని మేలునకై పుట్టినది.

రైతు సోదరులారా! పూచీకత్తు లేనిదే సంఘము అప్పు నీయదని మీ రెఱుగుదురు. అందులకు మీరు కోపింపరు. ఏలయన ఒకనికి తప్పుగా ఇచ్చిన అప్పు అందఱి సొమ్మును ముంచునని మీకు తెలియును. మందు విషయమున వైద్యుని చీటియే పూచీకత్తు. రేపు మన బిడ్డకు స్క్రబ్ టైఫస్ వచ్చిననాడు ఈ మాత్ర పనిచేయవలయునన్న, నేడు మన జలుబునకు దానిని ఖర్చు చేయరాదు. సంఘపు దుకాణమున ఫార్మసిస్టు మీకు ఈ మాత్ర లేదనిననాడు, అతడు మీ సొమ్మునే కాపాడుచున్నాడని గ్రహింప ప్రార్థన.