ఏ గ్రంథాన్ని ఎలా చదవాలి?

గురువారం వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరం భక్తులతో కిటకిటలాడుతుంది. అక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ కాలనీలోనైనా పూజామందిరంలోని అరను గమనించండి. విష్ణు సహస్రనామం, రామాయణం, పోతన భాగవతం, శతకాలు, సాయి సచ్చరిత్ర పక్కపక్కనే కనిపిస్తాయి. పసుపు కుంకుమలు అన్నింటికీ సమానమే. చదవవలసిన తీరు మాత్రం సమానం కాదు.

మన ఆలంకారికులు ఈ భేదాన్ని ఏనాడో గుర్తించారు. వేదం ప్రభువులా శాసిస్తుంది. పురాణేతిహాసాలు మిత్రునిలా హితవు చెబుతాయి. కావ్యం ప్రియురాలిలా మనసును మెత్తబరచి మంచివైపు మళ్లిస్తుంది. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు తన కావ్యప్రకాశంలో వివరించిన విషయమిది. ప్రభువు ఆజ్ఞను, మిత్రుని సలహాను, ప్రియురాలి పలుకును ఒకే చెవితో వింటామా?

లక్ష్మణరేఖ సంగతే చూడండి. వాల్మీకి రామాయణంలో అది లేదు. 13వ శతాబ్ది నాటి రంగనాథ రామాయణంలో ఉంది. ఇది తెలిసిన యువకుడు ‘అయితే అదంతా అబద్ధమే’ అంటాడు. ఇంట్లోని పెద్దలు నొచ్చుకుంటారు. నిజానికి ఇద్దరూ బాధపడనక్కరలేదు. ఒకటి ఆదికావ్యం. మరొకటి జనం పాడుకోవడానికి వీలైన ద్విపద కావ్యం. హద్దు దాటితే కలిగే ఆపదను కన్నులకు కట్టించే కల్పనకు అందులో చోటుంది.

ఒకే కవి రెండు ప్రక్రియలలో రెండు విధాలుగా పలుకుతాడు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో సాలీడు, పాము, ఏనుగు, తిన్నని కథలను ప్రబంధ శైలిలో వర్ణించాడు. శతకంలోనైతే శివునితో ముఖాముఖి మాట్లాడి, రాజసేవను ఈసడించాడు. రామదాసు కీర్తనలలో రాముణ్ణి నిలదీసిన మాటలు విని కొందరు కలవరపడతారు. అది చనువుతో కూడిన నిందాస్తుతి. దానిని నిజమైన దూషణగా భావిస్తే, ఆ భక్తుని హృదయం మనకు అందదు. సాయి సచ్చరిత్ర హేమాడ్‌పంత్ మరాఠీ ఓవీ ఛందస్సులో కూర్చిన చరిత్ర. అందులో ఒక భక్తునికి కలిగిన అనుభవం అదే రూపంలో మనకూ కలగాలని పట్టుబట్టడం తగదు.

అన్నింటికంటే జాగ్రత్తగా గ్రహించవలసినది ఫలశ్రుతి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివే పిల్లల తల్లులు ఎందరో స్తోత్ర పారాయణ చేస్తుంటారు. ర్యాంకు రాకపోతే బిడ్డ ‘స్తోత్రం అబద్ధం’ అనుకుంటాడు. తల్లి తన భక్తిలోనే లోపముందని కుమిలిపోతుంది. మీమాంసకులు ప్రశంసావాక్యాలను అర్థవాదమన్నారు. సత్కర్మ పట్ల రుచి కలిగించడం వాటి పని. ఫలశ్రుతినీ ఆ దృష్టితో చూడటం మేలు. అది ప్రోత్సాహమే గాని ఒప్పందపత్రం కాదు. పారాయణ చిత్తానికి స్థిమితమిస్తుంది. చదవవలసిన పాఠాన్ని విద్యార్థే చదవాలి.

కనుక గ్రంథం తెరిచే ముందు ‘ఇది నిజమా?’ అని అడగడానికి బదులు ‘ఇది శాసనమా, హితవా, కావ్యమా, ఆర్తితో చేసిన మొరా?’ అని ఆలోచించండి. ఈ వివేకాన్ని పిల్లలకూ నేర్పండి. అప్పుడు వారి ప్రశ్నలకు మన భక్తి బెదరదు, మన భక్తిని చూసి వారు నవ్వరు.