అడిగి తీసిన పటము

నా తండ్రిగారు గతించి పదునొకండు సంవత్సరములైనది. మా యింట వారి ఛాయాచిత్రము ఒక్కటియే కలదు. అది గుర్తింపు కార్డుకొరకు తీయించినది. దానిని చూచి నా చిన్న కుమార్తె ఒకనాడు, “తాతయ్య ఎప్పుడును కోపముగానే యుండెడివారా?” అని యడిగెను. మా యింట అందరికంటె ఎక్కువగా నవ్వినవారు ఆయనయే! ఆ ప్రశ్న నన్ను బాధించెను. కొంతకాలము ధనము కూడబెట్టి, గడచిన దసరా సెలవులలో కటకములు మార్చుటకు వీలైన మంచి కెమెరా నొకదానిని కొంటిని. ఇంటివారిపైనను పెరటిపైనను దానిని ప్రయోగించి నేను నేర్చుకొన్నది యొక్కటే: యంత్రము ఎంత మంచిదైనను, చూచువాని యోపికయు, చూడబడువారి యిష్టమును లేనిదే మంచి పటము రాదు.

మొదటి దినమున జనగామలోని మా యింటి సున్నపు గోడ ముందు మా అమ్మను నిలిపి మీట నొక్కితిని. గోడ బూడిదవన్నెగాను, ఆమె ముఖము నల్లగాను వచ్చెను. కారణ మేమనగా, కెమెరా తనలోనికి వచ్చు వెలుగును సగటుగా కొలుచును. ఎదుట నున్నది గోడయో, తల్లియో అది యెరుగదు. తెలుపు మిక్కుటమైనచో వెలుగే ఎక్కువైనదని యెంచి తగ్గించివేయును. అట్టిచోట మనము ఒక మెట్టు పెంచి, రెండింతల వెలుగును లోనికి రానీయవలెను. కొలుచుట యంత్రము పని. ఎరుగుట మనుష్యుని పని.

పెరటిలో మరియొక పాఠము నేర్చితిని. నడిమధ్యాహ్నమున తీసిన బంతిపూవులు ఎండకు వెలవెలబోయెను; ఉదయము ఏడు గంటలకు తీసినవి నిండు రంగుతో వచ్చెను. కటకపు రంధ్రమును పెద్దది చేయగా పూవు మాత్రమే తేటపడి, వెనుకనున్న బీరపందిరి మసకబారెను. చిన్నది చేయగా పందిరియు తేటపడెను గాని, గాలికి ఊగు పూవు చెదరిపోయెను. ఏలయన, సన్నని రంధ్రము గుండ తగిన వెలుగు వచ్చుటకు తెర యెక్కువసేపు తెరచియుండవలెను. ఒకటి కావలెనన్న మరియొకటి విడువక తప్పదు. ఏది ముఖ్యమో ముందుగా నిశ్చయించుకొనుటయే ఈ విద్యలో సగము.

మూడవ పాఠము మా అమ్మ నేర్పెను. ఆమె గోంగూర తెంపుచుండగా చాటుగా పటము తీసి చూపితిని. “నన్ను అడుగకుండ గిట్ల తీస్తవా బిడ్డా? జర ఆగు, చీర మార్చుకోని వస్త” అనెను. నేను సిగ్గుపడితిని. ఆమె మంచి చీర కట్టుకొని వచ్చి జామచెట్టు నీడలో కూర్చుండెను. నా తండ్రిగారి ముచ్చట యొకటి తలచుకొని నవ్వెను. ఆ నవ్వు చాటుగా తీసిన ఏ పటమునందును లేదు.

ఈ మర్యాద మన దేశమున క్రొత్తది గాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను. అంతటి వానికి సయితము చిత్రముకంటె చిత్రింపబడువారి గౌరవమే ముందు. 2022లో మరణించిన మన వరంగల్లు ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బ్రదుకును, బతుకమ్మ పండుగను చిత్రించి, సామాన్యుల యిండ్లును చిత్రింపదగినవే యని చూపెను.

“చేత ఫోను ఉండగా కెమెరా యేల?” అని కొంద రనవచ్చును. ఫోనుతోను చక్కని పటములు తీయవచ్చును, నేను కాదనను. కాని వేయి పటములు తీసి ఒక్కదానినైనను నిలిచి చూడకుండుట వలన ఫలమేమి? మా యింట ఒక ఫోను చెడిపోగా మూడేండ్ల పటములు దానితోనే పోయెను. వానిలో ఒక్కటియు కాగితముపైకి ఎక్కలేదు.

కావున విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యింటివారి పటము నొక్కటి శ్రద్ధతో తీయుడు. పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీ చెక్కు తండ్రియైనను, మహబూబాబాదు చేలలో మిరపకాయలు ఏరు తల్లియైనను, భూపాలపల్లి బొగ్గుగనిలో పని ముగించి యిల్లు చేరిన మామయైనను మీకు తగినవారే. ముందుగా వారి నడుగుడు. వారు వలదన్నచో మానుడు. ఇష్టపడినచో తీసి, కాగితముపై అచ్చు వేయించి, వెనుక పేరును, స్థలమును, తేదీని వ్రాయుడు. తలిదండ్రులారా! బిడ్డ వచ్చి యడిగినప్పుడు “పని యున్నది, పో” అనకుడు. క్షణమాత్రము నిలువుడు. మీరు నవ్వెడివారని మీ మనుమలకు తెలియవలెను గదా!